సున్నపురాయి కోసం... అంగారకుడి చుట్టూ!

నడికుడి జంక్షన్. ఇక్కడి నుంచి ఒక దారి మాచర్లకు పోతుంది. ఇంకోటి కృష్ణ దాటి నల్గొండ మీదుగా హైదరాబాద్ వైపు సాగుతుంది. మూడోది పిడుగురాళ్ల, సత్తెనపల్లి దాటుకుంటూ గుంటూరు చేరుతుంది. ఏ దారిన పోయినా పట్టాల పక్కన కనిపించేది మాత్రం ఒకటే... రాయి! పొలం గట్టున రాయి, ఇంటి అరుగు మీద రాయి, పశువుల కొట్టానికి కప్పుగా రాయి. నాపరాయి, సున్నపురాయి. పిడుగురాళ్ల బట్టీల్లో కాలి సున్నమై, సిమెంటు ఫ్యాక్టరీల్లో పొడై బస్తాలకెక్కేది కూడా అదే.

ఇక్కడివారికి దీని మీద పెద్ద గౌరవమేమీ ఉండదు. నాగలికి అడ్డుపడే దాని మీద ఎవరికి మాత్రం ఉంటుంది? శ్రీనాథుడంతటి వాడు పల్నాడు వచ్చి ఈ రాళ్లను చూసి విసుక్కున్నాడని ఆయన పేరు మీద చాటువులు చెప్పుకొంటారు. అయితే, మహాకవి విసుక్కున్న ఈ జాతి రాయి కోసమే శాస్త్రవేత్తలు కోట్ల కిలోమీటర్ల అవతల, అంగారకుడి చుట్టూ నౌకల్ని తిప్పుతూ దశాబ్దాలుగా వెతుకుతున్నారు. అక్కడ అది ఎంత ఉందో తేలితే ఒక పెద్ద ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఒకప్పుడు నదులు పారిన ఆ గ్రహం ఇలా ఎందుకు ఎండిపోయింది? అక్కడి గాలి ఏమైపోయింది?

రాయిలో గాలి

గాలికీ రాయికీ సంబంధం ఏమిటంటారా? ఉంది. పల్నాటి సున్నపురాయి ముక్క ఒకటి తీసుకుని మెత్తగా పొడి చేసి, దాని మీద నిమ్మకాయ పిండి చూడండి. సన్నగా నురగ వస్తుంది. ఆ బుడగల్లో ఉండేది కార్బన్ డయాక్సైడ్, పాతకాలం సైన్సు పుస్తకాల భాషలో బొగ్గుపులుసు వాయువు. అది నిమ్మరసంలోంచి వచ్చింది కాదు. రాయిలోంచి వచ్చింది.

సున్నపు బట్టీలో జరిగేదీ అదే, కాకపోతే భారీగా. దాదాపు 900 డిగ్రీల వేడిలో రాయి రెండుగా విడిపోతుంది. మలినాలు లేని సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే చేతికి దక్కే సున్నం 56 కిలోలు. మిగతా 44 కిలోలూ వాయువై పొగగొట్టం దారి పడుతుంది. అంటే క్వింటాలు రాయి మోసుకెళ్లే కూలీ తన బుట్టలో సగానికి కొంచెం తక్కువగా గాలినే మోస్తున్నాడన్నమాట!

ఆ గాలి రాయిలోకి ఎలా చేరింది? పల్నాడు ఒకప్పుడు సముద్రం. ఇప్పటి కృష్ణ గురించి కాదు, చేపలైనా పుట్టని కాలం నాటి సంగతి. ఆకాశంలోని కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగింది. నీళ్లలోని కాల్షియంతో కలిసి అడుక్కి దిగింది. పొర మీద పొర పేరుకుంది. గట్టిపడింది. నాపరాళ్లు పలకలు పలకలుగా ఊడిరావడానికి కారణం ఆ పొరలే. బ్రిటిష్ హయాంలో భూగర్భ సర్వే శాస్త్రవేత్త విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన పెద్ద నివేదిక 1872లో అచ్చయింది. పల్నాటి రాళ్ల ప్రస్తావనా అందులో ఉంది. ఆ కాలపు సర్వేయర్లు ఊరూరా తిరిగి, సుత్తితో కొట్టి, చేత్తో తడిమి రాళ్లకు పేర్లు పెట్టారు. అంగారకుడి దగ్గర లేనిది ఆ సౌకర్యమే. అక్కడ నడిచి చూసే మనిషి లేడు. పైనుంచి చూసి పోల్చుకోవాల్సిందే.

పోల్చుకోవడం ఎందుకంత ముఖ్యం అంటే... అంగారకుడి మీద ఇప్పుడున్న గాలి పీడనం మన దాంట్లో నూరోవంతు కూడా లేదు. అంత పలచటి గాలిలో నీరు ద్రవరూపంలో నిలవదు. కొంత గడ్డకడుతుంది, కొంత ఆవిరైపోతుంది. కానీ ఎండిన నదుల జాడలు, చెరువుల అడుగులు అక్కడ స్పష్టంగా ఉన్నాయి. నీళ్లు పారాయంటే ఆనాడు గాలి చిక్కగా ఉండి తీరాలి. ఆ చిక్కటి గాలి పోవడానికి ఉన్నవి రెండే దారులు. పైకి పోయి అంతరిక్షంలో కలిసిపోవాలి. లేదా కిందికి దిగి, పల్నాట్లో లాగా రాయిగా మారిపోవాలి. రాయిగా మారితే ఆ రాయి అక్కడే ఉండాలి కదా?

దుమ్ము తెర వెనక...

అంగారకుడి నేలను కక్ష్యలోంచి చదవడం 1971లో మొదలైంది. మొదలవడమే ఎదురుదెబ్బతో!

అంతకు ముందు 1965లో అమెరికా నౌక మ్యారినర్-4 ఆ గ్రహం పక్కనుంచి దూసుకుపోతూ ఇరవై చిల్లర ఫొటోలు పంపింది. వాటిలో చంద్రుడి మీద ఉన్నట్టే గుంతలు కనిపించాయి. కాలువలు, అడవులు ఉంటాయని కలలు కన్నవారు ఉసూరుమన్నారు. పక్కనుంచి పోతూ చూస్తే ఇంతేనని, చుట్టూ తిరుగుతూ చూడాలని మ్యారినర్-9ని పంపారు. 1971 నవంబరు 14న అది అంగారకుడి కక్ష్యలో ప్రవేశించింది. మరో గ్రహం చుట్టూ తిరిగిన మొట్టమొదటి నౌక అదే.

తీరా చేరాక చూస్తే అక్కడ నేలే లేదు. గ్రహం మొత్తాన్ని దుమ్ము తుపాను కమ్మేసింది. రోహిణీకార్తెలో గాలిదుమారం లేస్తే పల్నాటి రోడ్డు మీద పది గజాల దూరాన లారీ కనపడదు. అలాంటిది గ్రహమంతా, వారాల తరబడి! ఆ దుమ్ములో నాలుగంటే నాలుగు నల్లమచ్చలు మాత్రం తేలుతూ కనిపించాయి. ఏమిటవి? దుమ్ము నెమ్మదిగా దిగుతున్న కొద్దీ విషయం తెలిసింది. అవి నాలుగు బ్రహ్మాండమైన అగ్నిపర్వతాల శిఖరాలు. తుపాను కూడా ముంచలేనంత ఎత్తు. వాటిలో పెద్దది ఒలింపస్ మాన్స్. ఎత్తు దాదాపు 22 కిలోమీటర్లు, ఎవరెస్ట్‌కు రెండున్నర రెట్లు. అడుగున వెడల్పు 600 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి చెన్నైకి రోడ్డు మీద ఎంత దూరమో ఇంచుమించు అంత మేర ఒకే కొండ!

తెర పూర్తిగా తొలిగాక ఇంకో వింత. గ్రహం నడుం మీద కత్తితో కోసినట్టు 4000 కిలోమీటర్ల లోయ. కొన్నిచోట్ల వెడల్పు 200 కిలోమీటర్లు, లోతు 7 కిలోమీటర్లు. కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా పరిచినా ఇంకా మిగులుతుంది. గండికోట అంచున నిలబడి పెన్నా లోయను చూసి కళ్లు తిరిగినవారు ఈ లోతును ఊహించుకోవచ్చు. కనిపెట్టిన నౌక పేరుతోనే దాన్ని వ్యాలెస్ మ్యారినరిస్ అన్నారు. మ్యారినర్-9 పంపిన ఫొటోలు మొత్తం 7329. నదులు కోసిన పాయలు కనిపించినదీ వాటిలోనే. గాలి ఏమైందన్న ప్రశ్నకు బీజం పడింది అప్పుడే.

నీడ చెప్పే అబద్ధాలు

పైనుంచి తీసిన ఫొటో చూసి ఎత్తుపల్లాలు చెప్పడం తేలిక అనిపిస్తుంది. నిజానికి అదో పెద్ద చిక్కు. ఫొటో బల్లపరుపుగా ఉంటుంది. అందులో గుంతనూ గుట్టనూ విడదీసి చూపేది నీడ ఒక్కటే. ఆ నీడ మనల్ని మోసం చేస్తుంది.

ఎప్పుడైనా పత్రికలో చంద్రుడి ఫొటో పడితే తలకిందులుగా తిప్పి చూడండి. గుంతలన్నీ బోర్లించిన గిన్నెల్లా ఉబ్బినట్టు కనిపిస్తాయి. వెలుగు ఎప్పుడూ పైనుంచే పడుతుందని మన కళ్లకు అలవాటు. ఆ అలవాటే కొంప ముంచుతుంది.

అంగారకుడి విషయంలో ఈ మోసం ఎంత దూరం వెళ్లిందంటే... 1976 జులైలో వైకింగ్-1 నౌక సిడోనియా అనే ప్రాంతాన్ని ఫొటో తీసింది. అందులో కళ్లు, ముక్కు, నోరుతో అచ్చం మనిషి ముఖం! అక్కడెవరో చెక్కిన విగ్రహమేనని పుస్తకాలు వచ్చేశాయి. పాతికేళ్లపాటు పత్రికలకు కాలక్షేపం. 1998లో, మళ్లీ 2001లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌక అంతకన్నా మంచి కెమెరాతో అదే చోటును తీసింది. కనిపించింది ఒక మామూలు బల్లపరుపు గుట్ట. మాచర్ల దారిలో అలాంటివి చూసి ఎవరూ బస్సు ఆపుకోరు. ఎండ ఏటవాలుగా పడినప్పటి నీడలే కళ్లు, ముక్కు అయ్యాయి.

అందుకే నీడను నమ్మకుండా ఎత్తును నేరుగా కొలిచే మార్గం వెతికారు. అదే సర్వేయర్ నౌకలో లేజర్ పరికరం అమర్చారు. సెకనుకు పదిసార్లు నేల మీదికి వెలుతురు తునకను విసరడం, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయం లెక్కపెట్టడం... ఇంతే దాని పని. లోయలోకి దిగి కేకేస్తే ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి ఎదుటి కొండ ఎంత దూరమో అంచనా వేసినట్టే. ఇక్కడ కేక బదులు కాంతి కాబట్టి, 400 కిలోమీటర్లు దిగి తిరిగి రావడానికి సెకనులో వెయ్యోవంతులు మూడు కూడా పట్టవు. 2001 వరకూ అలా 60 కోట్లకు పైగా కొలతలు తీశారు. దాంతో అంగారకుడి ఎత్తుపల్లాల పటం తయారైంది. ఉత్తరార్ధం దక్షిణార్ధం కన్నా సగటున 5 కిలోమీటర్లు పల్లమని తేలింది. ఎక్కడ నీళ్లు పోస్తే ఎటు పారతాయో లెక్క కట్టే వీలు కలిగింది.

ఇదంతా పటాల సరదా కాదు. దిగాలంటే ముందు నేల తెలియాలి. చంద్రుడి మీద 2019 సెప్టెంబరులో విక్రమ్ కూలిపోయింది. అప్పుడు కక్ష్యలో మిగిలిన చంద్రయాన్-2 నౌక తీసిన నిశితమైన చిత్రాలే 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ఎక్కడ దిగాలో తేల్చడానికి అక్కరకొచ్చాయి.

కిలోంబావు కెమెరా!

ఈ కథలోకి శ్రీహరికోట 2013లో వచ్చింది. ఆ ఏడాది నవంబరు 5 మధ్యాహ్నం 2.38 గంటలకు పీఎస్‌ఎల్‌వీ-సి25 రాకెట్ మంగళయాన్‌ను మోసుకుని నింగికెగిరింది. ఖర్చు 450 కోట్ల రూపాయలు. 2014 సెప్టెంబరు 24 ఉదయం అది అంగారకుడి కక్ష్యలో కుదురుకుంది. మొదటి ప్రయత్నంలోనే! అక్కడి నుంచి కబురు భూమికి చేరడానికి పన్నెండు నిమిషాల పైనే పట్టింది. ఆ పన్నెండు నిమిషాలూ దేశమంతా టీవీల ముందు ఊపిరి బిగబట్టింది.

మంగళయాన్ మోసుకెళ్లిన అయిదు పరికరాలు కలిపి 15 కిలోలు దాటవు. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం తయారుచేసిన కలర్ కెమెరా బరువు 1.27 కిలోలు. కిలోంబావు! ఇంట్లో వారానికి తెచ్చుకునే కందిపప్పు పొట్లం అంతకన్నా బరువుంటుంది.

అమెరికా నౌకలు అంగారకుడికి మూడొందలు, నాలుగొందల కిలోమీటర్ల ఎత్తులో అంటిపెట్టుకుని తిరిగాయి. మంగళయాన్ దారి వేరు. కోడిగుడ్డు ఆకారంలో సాగిన కక్ష్య దానిది. దగ్గరికొస్తే సుమారు 422 కిలోమీటర్లు, దూరం పోతే దాదాపు 77 వేల కిలోమీటర్లు. ఒక చుట్టుకు మూడు రోజులు. ఇంధనం పొదుపుగా వాడుకోవాల్సిన అవసరం వల్ల వచ్చిన కక్ష్య ఇది. కానీ ఆ లోటే వరమైంది. దగ్గరున్నవారికి కొండ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, దూరం నుంచి చూసినవారికే మొత్తం ఆకారం తెలుస్తుంది. అంగారకుణ్ని నిండు గోళంగా, ధ్రువాల మంచు టోపీలతో, మబ్బులతో, దుమ్ము తుపానులతో ఒకే ఫ్రేములో పట్టిన ఫొటోలు మంగళయాన్ ప్రత్యేకత.

దగ్గరి ఫొటోలు తక్కువేం కాదు. 2015 జులై 19న, 1857 కిలోమీటర్ల ఎత్తు నుంచి వ్యాలెస్ మ్యారినరిస్‌లో భాగమైన ఓఫిర్ కాస్మా అనే లోయను తీసింది. ఆ ఏడాది స్వాతంత్య్ర దినోత్సవానికి ఇస్రో దాన్ని త్రీడీ రూపంలో విడుదల చేసింది. ఓఫిర్ పొడవు 317 కిలోమీటర్లు, వెడల్పు 62 కిలోమీటర్లు. నడికుడి-శ్రీకాళహస్తి కొత్త రైలుమార్గం పొడవు 309 కిలోమీటర్లని గుర్తు తెచ్చుకుంటే ఆ పరిమాణం తెలుస్తుంది. పల్నాడు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలు దాటుకుంటూ పోయే ఆ దారంతా ఒకే లోయ అనుకోండి, రెండు పక్కలా కిలోమీటర్ల ఎత్తున రాతి గోడలు! చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 96 మీటర్లు, దాదాపు ఒక ఫుట్‌బాల్ మైదానం. గోడలు విరిగిపడిన చోట్లు, పొరలు తేలిన చోట్లు అందులో కనిపిస్తాయి.

త్రీడీ ఎలా సాధ్యమంటే... రైల్లో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు దగ్గరి కరెంటు స్తంభాలు సర్రున వెనక్కి పోతాయి. దూరపు కొండ మాత్రం కదిలీ కదలనట్టుంటుంది. నౌక కదులుతూ ఒకే చోటును రెండు కోణాల్లో తీసిన ఫొటోల్లోనూ అదే తేడా. ఎత్తయిన చోటు ఎక్కువ జరుగుతుంది, లోతైన చోటు తక్కువ. జరిగిన మేరను కొలిస్తే ఎత్తు తెలుస్తుంది. మన శాస్త్రవేత్తలు ఈ జంట ఫొటోలతో ఇంకో పని కూడా చేశారు. ఆ మహాలోయలో కమ్ముకునే ధూళి కింద ఎంత చిక్కగా ఉంది, పైకి పోయేకొద్దీ ఎలా పలచబడుతోంది అన్నది లెక్కగట్టి 2016లో ప్రచురించారు.

అన్నీ అనుకున్నట్టు జరిగాయని చెబితే అబద్ధమే అవుతుంది. మీథేన్ కోసం పెట్టిన సెన్సర్ తనకు అందిన కాంతిలో మీథేన్ గుర్తును కార్బన్ డయాక్సైడ్ గుర్తు నుంచి కచ్చితంగా విడదీయలేకపోయింది. అలాగని దాన్ని మూలన పడేయలేదు. అంగారకుడి నేల ఎక్కడ ఎంత కాంతిని వెనక్కి పంపుతోందో పటం గీయడానికి వాడుకున్నారు. ఆరునెలలు పనిచేస్తే చాలనుకున్న నౌక ఏడేళ్ల పైన తిరిగింది. 2022 ఏప్రిల్‌లో దీర్ఘ గ్రహణం నీడలోకి వెళ్లాక దాని గొంతు మూగబోయింది. ఇక తేరుకోదని ఆ అక్టోబరులో ఇస్రో ప్రకటించింది.

అన్నట్టు, పైనుంచి చూసి పటం గీశాక పేర్లు కూడా పెట్టాలి కదా! అంతర్జాతీయ ఖగోళ సంఘం నియమం ప్రకారం అంగారకుడి మీది పెద్ద గుంతలకు కీర్తిశేషులైన శాస్త్రవేత్తల పేర్లు, చిన్న గుంతలకు భూమ్మీది చిన్న ఊళ్ల పేర్లు పెడతారు. ఊరి జనాభా లక్ష లోపు ఉండాలి. ఆ జాబితాలో మన అనంతపురం జిల్లా రాయదుర్గం ఉంది. నడికుడి ఇంకా లేదు, జనాభా రీత్యా అర్హత మాత్రం నిక్షేపంలా ఉంది.

రంగు చూసి రాయి పేరు

ఆకారం తెలిసింది. మరి ఆ గోడలు, పొరలు ఏ రాయి? ఫొటోలు ఆ సంగతి చెప్పవు. నల్లరాయీ నాపరాయీ పైనుంచి చూస్తే ఒకేలా ఉండొచ్చు. ఇక్కడే రంగుల లెక్క పనికొస్తుంది.

మన కన్ను కొన్ని రంగుల్నే పట్టుకుంటుంది. ఎండ రాయి మీద పడి తిరిగొచ్చేటప్పుడు కంటికి కనపడని పరారుణ రంగులు కూడా ఉంటాయి. ఒక్కో ఖనిజం అందులో కొన్నింటిని మింగేస్తుంది. ఏవి మింగిందో చూస్తే అది ఏ ఖనిజమో పోల్చవచ్చు. వేలిముద్ర లాంటిదన్నమాట. సున్నపురాయి వర్గానికి చెందిన కార్బొనేట్లకూ ఒక వేలిముద్ర ఉంది. 2006లో అంగారకుణ్ని చేరిన మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ నౌకలోని క్రిజమ్ అనే పరికరం కాంతిని 544 రంగులుగా విడదీసి చూసింది. నేల మీద 18 మీటర్ల ముక్కను విడిగా చదివింది.

అది పట్టుకుంది! నీలి ఫోసే అనే ప్రాంతంలో కార్బొనేట్ శిలలు ఉన్నాయని 2008 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. పల్నాట్లో కాల్షియం రాయి అయితే అక్కడ ఎక్కువగా మెగ్నీషియం రాయి. చుట్టరికం మాత్రం అదే. నీళ్లు, గాలి, రాయి కలిసి కాపురం చేసిన జాడ.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆ తర్వాత మరికొన్ని చోట్ల కార్బొనేట్ దొరికినా, అన్నీ కలిపి లెక్కేస్తే పోయిన గాలికి ఏ మూలకూ చాల్లేదు. ఒక గ్రహపు గాలిని రాయిగా మార్చాలంటే పల్నాడు లాంటివి ఎన్నో కావాలి. దొరికినవి ఊరికో నాలుగు ఎకరాలన్నట్టున్నాయి.

అయితే గాలి పైకే పోయిందా? మంగళయాన్‌కు రెండు రోజుల ముందు అంగారకుణ్ని చేరిన అమెరికా నౌక మావెన్ ఆ దారిని పరీక్షించింది. సూర్యుడి నుంచి వీచే కణాల గాలి అంగారకుడి వాతావరణాన్ని సెకనుకు దాదాపు 100 గ్రాముల చొప్పున ఊడ్చుకుపోతోందని 2015లో తేల్చింది. గుప్పెడంత! రోజుకు లెక్కేస్తే ఎనిమిదిన్నర టన్నులు, ఒక లారీ లోడు. సూర్యుడు పడుచుగా, ఉగ్రంగా ఉన్న కాలంలో ఇది ఇంకా ఎక్కువ. వందల కోట్ల సంవత్సరాలు ఇలా పోతే చాలా గాలే పోతుంది. అంగారకుడి ఆర్గాన్ వాయువులో దాదాపు 65 శాతం అలా పోయిందని 2017లో లెక్కకట్టారు. దాంతో రాయి మీద ఆశ వదులుకున్నవారు చాలామంది.

తొందరపడ్డారేమో!

2012 నుంచి గేల్ అనే పెద్ద గుంతలో తిరుగుతున్న క్యూరియాసిటీ రోవర్ అక్కడి కొండ ఎక్కుతూ రాళ్లకు రంధ్రాలు చేసి, పొడిని తన పొట్టలోని పరికరాలతో పరీక్షిస్తూ వస్తోంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ టుటోలో బృందం 2025 ఏప్రిల్‌లో ‘సైన్స్’ పత్రికలో ఆ ఫలితాలు ప్రకటించింది. కొన్ని నమూనాల్లో సిడరైట్ అనే ఇనుప కార్బొనేట్ 5 నుంచి 10 శాతం దాకా ఉంది. చిన్న మొత్తమేం కాదు. విచిత్రమేమిటంటే, కక్ష్యలోంచి చూసినప్పుడు ఆ చోట కార్బొనేట్ ఉన్నట్టే తెలియలేదు. అదే రాయిలో ఉన్న సల్ఫేట్ లవణాల గుర్తులు దాని వేలిముద్రను కప్పేసి ఉంటాయని, పైగా దుమ్ము ఉండనే ఉందని శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఆకాశంలోంచి చూసే కన్నుకు ఉన్న హద్దు ఇదే. క్రిజమ్ లాంటి పరికరం చదివేది రాతి పైపొరను మాత్రమే, వెంట్రుకవాసి మందంలో. దాని మీద పలచగా దుమ్ము పేరుకున్నా చాలు, కింద నిధి ఉన్నా తెలియదు. లారీలు తిరిగి తిరిగి దుమ్ము కమ్మిన పల్నాటి రోడ్ల పక్కన చెట్ల ఆకులు పచ్చగా ఉంటాయా? ఆకు తుడిస్తే కదా రంగు తెలిసేది. మ్యారినర్-9ని వారాలపాటు ఆపిన దుమ్మే, కిందికి దిగి రాళ్ల మీద పడుకుని, యాభై ఏళ్ల తర్వాత కూడా శాస్త్రవేత్తల్ని ఏమారుస్తోంది. గేల్ లాంటి సల్ఫేట్ కొండలు అంగారకుడి మీద ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. వాటన్నిటిలోనూ ఇలాగే రాయి దాగి ఉంటే పాత లెక్కలన్నీ తిరగరాయాల్సిందే. ఉందో లేదో పైనుంచి చెప్పలేరు. ఒక్కో కొండకూ ఒక్కో రోవర్‌ను పంపడమూ అయ్యే పని కాదు.

గొట్టాల్లో నిరీక్షణ

అలాగని కక్ష్యలోంచి చూడటం వృథా పోలేదు. ఎక్కడ దిగాలో చెప్పింది ఆ చూపే. నీలి ఫోసేకు దగ్గర్లోనే జెజెరో అనే గుంత ఉంది. అడ్డంగా 45 కిలోమీటర్లు. అందులోకి ఒకప్పుడు నది వచ్చి కలిసిందని, కృష్ణ హంసలదీవి దగ్గర చేసినట్టే మేట వేసిందని పైనుంచి తీసిన ఫొటోలు చూపించాయి. గుంత లోపలి అంచు వెంబడి కార్బొనేట్ ఉందని రంగుల పరికరాలు చెప్పాయి. ఈ రెండూ చూసుకునే 2021 ఫిబ్రవరి 18న పర్సెవరెన్స్ రోవర్‌ను అక్కడ దింపారు.

రోవర్ ఆ అంచు దాకా వెళ్లింది. పైనుంచి చెప్పింది నిజమే. కార్బొనేట్ ఉన్న రాతిని తొలిచి, సుద్దముక్కంత కడ్డీలుగా కోసి, టైటానియం గొట్టాల్లో పెట్టి సీలు వేసింది. వాటిని భూమికి తెచ్చి ప్రయోగశాలలో పరీక్షిస్తే ఆ రాయి ఏ కాలపు నీటిలో పుట్టింది, అప్పటి గాలి ఎంత చిక్కన, ఆ నీళ్లలో ప్రాణం అనేది ఉండేదా... ఇలా ఎన్నో తేలతాయి. విలియం కింగ్ కాలం నాటి సుత్తి చేసిన పనే, కాకపోతే గ్రహం దాటి తెచ్చిన రాయి మీద.

తేవడమే కుదరడం లేదు. వెళ్లి ఆ గొట్టాలను పట్టుకొచ్చే పథకం ఖర్చు అంచనాలు పెరిగి పెరిగి వెయ్యి కోట్ల డాలర్లు దాటేసరికి అమెరికా వెనకడుగు వేసింది. ఎప్పుడు తెస్తారో, ఎలా తెస్తారో తేలలేదు. నడికుడి మీదుగా అదే వర్గపు రాయి సిమెంటై, సున్నమై రోజూ టన్నులకొద్దీ తరలిపోతూ ఉంటుంది. అంగారకుడి మీది ఆ కొద్ది గ్రాములూ మాత్రం గొట్టాల్లోనే ఉన్నాయి.